సిస్టర్ ముఖంలో నవ్వెందుకు లేదు?

ఆసుపత్రిలో నాలుగు రోజులుండి ఇంటికి వచ్చిన వారినెవరినైనా పలకరించి చూడండి. "డాక్టరు గారు దేవుడండీ" అంటారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "కాని ఆ సిస్టరుందే, ఏమడిగినా విసుక్కుంటుంది. పిలిస్తే పలకదు. ముఖాన నవ్వన్నది మచ్చుకైనా లేదు" అంటారు. వింటున్నవారు తలపంకించి, తాము చూసిన మరో సిస్టరు సంగతి ఎత్తుకుంటారు. ఆ ఇద్దరిలో ఎవరికీ ఆ సిస్టరు పేరు తెలియదు. ఆ రోజు ఆమె ఎన్ని మంచాలు చూసుకుంటున్నదో అంతకన్నా తెలియదు.

మంచి స్వభావం గలవారు నవ్వుతారు, లేనివారు విసుక్కుంటారు అనుకుంటే విషయం అక్కడితో తీరిపోయేది. కాని ఒక వార్డులో చిరచిరలాడే మనిషే మరో వార్డుకు మారిన నెలకల్లా కులాసాగా తిరగటం ఆసుపత్రుల్లో పనిచేసే వారందరికీ అనుభవమే. మనిషి మారలేదు, స్వభావం మారలేదు. మారింది పని చేసే ఏర్పాటు. కనుక ఉద్యోగంలో నర్సుకు తృప్తి ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఆవిరైపోతుంది అనేది వైద్యశాస్త్రం కూడా పట్టించుకోవలసిన ప్రశ్న.

ఆరోగ్యం శీర్షికలో ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆలోచించండి. రౌండ్సుకు వచ్చిన డాక్టరు మీ మంచం పక్కన నిలబడేది ఐదు నిమిషాలు, మహా అయితే పది. మిగిలిన ఇరవై మూడు గంటల చిల్లర మీరు సిస్టరు చేతిలోనే వున్నారు. సెలైను చుక్కలు ఆగిపోయినా, ఆపరేషను కట్టు తడిసినా, మందు పడక ఒంటిమీద దద్దురు లేచినా మొదట కంటబడవలసింది ఆమెకే. ఆ కన్ను అలసిపోతే నష్టం మీకు. (ఇప్పుడు మగ నర్సులు కూడా బాగా వస్తున్నారు, వారిని బ్రదర్ అని పిలుస్తున్నారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఈ వృత్తిలో పదింట తొమ్మిది మంది స్త్రీలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదికలో చెప్పింది. ఇక్కడ సిస్టరని రాసిందంతా బ్రదర్‌కూ వర్తిస్తుంది.)

ముప్పై మంచాలు, రెండు చేతులు

మన దేశంలో ఒక నర్సు ఎందరు రోగులను చూడాలో లెక్క లేకపోలేదు. వైద్య కళాశాలకు అనుబంధంగా వున్న ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఇంటెన్సివ్ కేర్‌లో ఒకరికి ఒకరు వుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు పెట్టింది. సెలవుల్లో వెళ్ళేవారి బదులుగా మరో 30 శాతం మందిని అదనంగా వుంచుకోవాలని కూడా అన్నారు. కాగితం మీద ఎంతో ముచ్చటగా వుంటుంది. రాత్రి పదింటికి ఏదైనా పెద్ద ఆసుపత్రి జనరల్ వార్డులోకి వెళ్ళి చూస్తే, ఒక్క సిస్టరు ముప్పై, నలభై మంచాల మధ్య తిరుగుతూ కనిపించటం అరుదేమీ కాదు.

చిన్న లెక్క వేద్దాం. ముప్పై మంది రోగులు. రాత్రి పది గంటలకు అందరికీ ఇంజెక్షనో, మాత్రో ఇవ్వాలి. పేరు సరిచూసి, మందు సరిచూసి, సూది వేసి, కేసు షీటులో రాసేసరికి మనిషికి ఐదు నిమిషాలు పట్టిందనుకోండి. ముప్పై అయిదులు నూట యాభై నిమిషాలు. అంటే చివరి మంచానికి పది గంటల మందు పన్నెండున్నరకు అందుతుంది. ఈలోగా ఎవరికీ ఆయాసం రాకూడదు, ఎవరి సెలైనూ అయిపోకూడదు, కొత్త కేసు రాకూడదు, ఫోను మోగకూడదు. పన్నెండింటికి "అమ్మా, కాస్త ఇటు చూస్తారా" అని పన్నెండో నంబరు వారు పిలిచినప్పుడు ఆమె ముఖం ఎలా వుంటుందో వేరే చెప్పాలా?

ఈ లెక్కకు ప్రాణాలతో సంబంధం వుందని తేల్చిన పరిశోధన ఒకటి వుంది. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఆమె సహచరులు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులను, పదివేల మందికి పైగా నర్సులను, ఆపరేషను చేయించుకున్న 2 లక్షల 32 వేల మంది రోగుల వివరాలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. నర్సు చూడవలసిన రోగులలో ఒక్కరు పెరిగిన కొద్దీ, ఆసుపత్రిలో చేరిన నెల రోజుల లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం హెచ్చుగా కనిపించింది. నర్సు మనసు అలసి గుల్లబారిపోయే అవకాశం 23 శాతం, ఉద్యోగం పట్ల అసంతృప్తి 15 శాతం పెరిగాయి. నర్సుకు నలుగురు రోగులున్న ఆసుపత్రితో పోలిస్తే, ఎనిమిది మంది వున్న చోట మరణావకాశం 31 శాతం ఎక్కువ. అక్కడ ఎనిమిది మందంటే చాలా ఎక్కువ సుమా! ముప్పై మంది సంగతి వారి లెక్కల్లోనే లేదు.

ఇలాంటి అధ్యయనాలు రెండు విషయాలు కలిసి నడుస్తున్నాయని చెబుతాయే గాని, ఒకటే రెండోదానికి పూర్తి కారణమని రుజువు చేయలేవు. అయినా ఆ తరువాత ఇతర దేశాల్లో చేసిన పరిశీలనలు కూడా చాలావరకు అదే దిక్కు చూపించాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లోనే చట్టం చేసి, 2004 నుంచి నర్సుకు ఇంతమందికి మించి రోగులను అప్పగించరాదన్న నిబంధనను అమలులో పెట్టింది.

చేయలేక వదిలేసిన పనులు

చేతినిండా పని వున్నంత మాత్రాన మనిషికి అసంతృప్తి రాదు. పెళ్ళివారింట్లో తెల్లవార్లూ వంట చేసిన వారు అలసిపోతారు గాని, అందరూ తృప్తిగా తిని వెళితే మనసు నిండుగానే వుంటుంది. నర్సును కుంగదీసేది చేసిన పని కన్నా చేయలేకపోయిన పని.

బియాట్రిస్ కాలిష్ అనే పరిశోధకురాలు 2006లో, ఆసుపత్రుల్లో నర్సులు చేయలేక వదిలేస్తున్న పనులేవో వారినే అడిగి తెలుసుకున్నారు. రోగిని లేపి నాలుగడుగులు నడిపించటం, పక్క మార్చి పడుకోబెట్టటం, వేళకు తినిపించటం, ఒళ్ళు, నోరు శుభ్రం చేయటం, ఇంటికి వెళ్ళాక ఏం చేయాలో విడమరిచి చెప్పటం, కాసేపు కూర్చుని ధైర్యం చెప్పటం వంటివి ఆ జాబితాలో వున్నాయి. వీటిలో ఏదీ రిజిస్టరులో ఎర్ర సిరా గీతకు దారితీసే పని కాదు. మందు ఇవ్వకపోతే సంజాయిషీ అడుగుతారు. ముసలమ్మకు పక్క మార్చలేదని ఆ పూట ఎవరూ అడగరు. కొద్ది రోజులకు నడుం కింద పుండు పడినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు. చిత్రమేమిటంటే, ఆ అమ్మాయి నర్సింగ్ నేర్చుకోవటానికి వచ్చింది ఈ పనులు చేయాలనే. తీరిక లేనప్పుడు మొదట జారిపోయేవీ ఇవే. మిగిలేవి సూదులు, రాతకోతలు, ఇండెంట్లు, స్టోరు చుట్టూ తిరగటం.

శిక్షణ పొందుతున్న నర్సుల్లో మూడింట ఒక వంతు మంది చదువు పూర్తికాకుండానే మానేసి పోతున్న లండనులోని ఒక పెద్ద ఆసుపత్రిని ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు పరిశీలించారు. ఆమె 1960లో రాసిన వ్యాసం ఈనాటి మన వార్డులను చూసి రాసినట్లుంటుంది. బాధను, చావును రోజూ దగ్గరగా చూడటం వల్ల కలిగే కలవరం నర్సులను తాకకుండా వుండాలని ఆ ఆసుపత్రి, తనకు తెలియకుండానే, ఒక పద్ధతి అల్లుకుంది. ఒక నర్సుకు కొందరు రోగులను పూర్తిగా అప్పగించకుండా, ఒకరికి అందరి జ్వరం చూడటం, మరొకరికి అందరి పక్కలు సర్దటం అని పని పంచిపెట్టారు. రోగిని పేరుతో కాక మంచం నంబరుతో, జబ్బుతో పిలవటం అలవాటైంది. మన దగ్గర "ఐదో నంబరు అపెండిక్స్" అంటామే, అదే. దీనివల్ల కలవరం తగ్గిందేమో గాని, "ఈ మనిషి నా చేతిలో కోలుకున్నాడు" అనుకునే అవకాశం కూడా పోయింది. మెంజీస్ గమనించిన మరో సంగతి, మానేసి పోయినవారిలో పనికి పనికిరానివారి కన్నా మనసు పెట్టి పనిచేసేవారే చాలామంది వున్నారని.

జీతం సంగతి

"నర్సు ఉద్యోగం సేవ, జీతం కోసం చూడకూడదు" అనే మాట సన్మాన సభల్లో తరచు వింటుంటాం. మే 12న ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు నాడైతే మరీను. ఈ మాట చెప్పేవారెవరూ తమ ఉద్యోగం విషయంలో దాన్ని పాటించరు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో సహచరులతో కలిసి ఒక పుస్తకం ప్రచురించాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి ఆయన తేల్చిందేమిటంటే, ఉద్యోగంలో అసంతృప్తి కలిగించేవి వేరు, తృప్తి కలిగించేవి వేరు. జీతం, పైవారి తీరు, పని చేసే చోటు సరిగా లేకపోతే మనిషి బాధపడతాడు. అవి సరిపోయినంత మాత్రాన సంతోషం రాదు. సంతోషం చేసిన పని ఫలించటంలో, గుర్తింపులో, బాధ్యతలో వుంటుంది. మన వంటింటి భాషలో చెప్పాలంటే జీతం కూరలో ఉప్పు లాంటిది. ఉప్పు లేకపోతే విస్తరి ముందు నుంచి లేస్తారు. ఉప్పు సరిపోయిందని ఎవరూ వంటవాడిని పొగడరు. ఈ సిద్ధాంతం మీద తరువాత విమర్శలు చాలా వచ్చాయి, అది వేరే సంగతి. కాని కొన్ని యాజమాన్యాలు "డబ్బుతో తృప్తి రాదు కదా" అని దీన్ని తమకు అనువుగా మలుచుకోవటం మాత్రం అన్యాయం. ఉప్పే వేయని కూరకు పోపు గురించి చర్చ దేనికి?

ప్రైవేటు ఆసుపత్రుల్లో జీతాల తక్కువతనం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ దాఖలు చేసిన కేసులో 2016 జనవరి 29న కోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో నర్సుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 100 దాటిన చోట తేడా 10 శాతం మించరాదని, 50 నుంచి 100 పడకలున్న చోట 25 శాతం మించరాదని, ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా నెలకు 20 వేల రూపాయలకు తగ్గరాదని ఆ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసుకు చట్టం బలం చేర్చవలసింది రాష్ట్రాలు. కేరళలో 2017లో నర్సులు సమ్మెకు దిగాక, 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు కనీసం 20 వేల మూలవేతనం ప్రకటించింది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో బాధ మరో రకం. ఒకే వార్డులో, ఒకే డ్యూటీలో, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు పర్మనెంటు, ఒకరు కాంట్రాక్టు. ఒకరికి పూర్తి జీతం, మరొకరికి అందులో సగమో, మూడో వంతో. సెలవులోనూ తేడాయే. తక్కువ జీతం కన్నా ఈ పక్కపక్కన కనిపించే తేడా మనిషిని ఎక్కువ తొలిచేస్తుంది. అప్పు చేసి నర్సింగ్ చదివించిన తల్లిదండ్రులు "గల్ఫుకో, జర్మనీకో వెళ్ళు" అంటే ఆ పిల్లను తప్పు పట్టగలమా?

ఆమె మాటకు విలువ

ఇక డాక్టర్ల వంతు. లియొనార్డ్ స్టీన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1967లో "డాక్టరు–నర్సు ఆట" అనే పేరుతో ఒక వ్యాసం రాశాడు. నర్సుకు రోగి పరిస్థితి తెలుసు, ఏం చేస్తే బాగుంటుందో కూడా తెలుసు. కాని ఆ మాట సూటిగా చెప్పకూడదు. డాక్టరుకే తట్టినట్లు చేయాలి. డాక్టరు కూడా ఆమె సలహా తీసుకుంటూనే తీసుకోనట్లు నటించాలి. ఆట చక్కగా ఆడితే ఇద్దరికీ గౌరవం, తప్పితే నర్సుకు చీవాట్లు.

మన వార్డుల్లో ఈ ఆట ఇప్పటికీ సాగుతూనే వుంది. రాత్రి రెండింటికి సిస్టరు ఫోను చేస్తుంది. "సార్, ఏడో నంబరుకు సాయంత్రం నుంచి యూరిన్ బ్యాగులో ఏమీ దిగలేదండీ. నాడి కూడా కాస్త వేగంగా వుంది సార్. సెలైను అలాగే పోనివ్వమంటారా?" అంటుంది. ఆమె మనసులో వున్న మాట "మీరు వెంటనే వచ్చి చూడండి" అని. పక్కమీది డాక్టరు మర్మం గ్రహిస్తే రోగి అదృష్టం. "ఇంత చిన్న విషయానికి నిద్ర లేపుతారా?" అని గదిమితే, మరునాడు ఆమె ఫోను చేయటానికి వెనకాడుతుంది. అలా వెనకాడిన ఒక గంటలో ఏమైనా జరగవచ్చు.

అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా వున్న రోజుల్లో అక్కడి నర్సింగ్ అకాడమీ ఒక తెలివైన పని చేసింది. నర్సులు ఎందుకు పోతున్నారని కాకుండా, కొన్ని ఆసుపత్రులను వదలకుండా ఎందుకు వుంటున్నారని అడిగింది. 163 ఆసుపత్రులను వడపోసి, నర్సులను అయస్కాంతంలా పట్టి వుంచుతున్న 41 ఆసుపత్రులను ఎంచి 1983లో వాటి గురించి ప్రచురించింది. వార్డులో తిరిగి పరిస్థితి తెలుసుకునే నర్సింగ్ సూపరింటెండెంటు, సరిపడా మనుషులు, డ్యూటీ చార్టు వేసుకునేటప్పుడు ఇంటి అవసరాలు కూడా చూసుకునే వెసులుబాటు, నర్సింగ్ విషయాల్లో నర్సుదే నిర్ణయం, చదువుకుని పైకి రావటానికి దారి – ఇవి ఆ ఆసుపత్రుల్లో కనిపించాయి. మన దేశంలో స్టాఫ్ నర్సుగా చేరి ఇరవై ఏళ్ళకు కూడా స్టాఫ్ నర్సుగానే మిగిలిపోయేవారు ఎందరో. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పుడు "నర్సింగ్ ఆఫీసర్" అంటున్నారు. పేరు మారటం మంచిదే, గౌరవమే. పనిలో మాట చెల్లటం కూడా దానితో పాటు వస్తేనే ఆ పేరుకు అందం.

డ్యూటీ దిగాక

నర్సుకు పని ఆసుపత్రి గేటు దగ్గర అయిపోదు. రాత్రంతా నిలబడి, పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగి, తొమ్మిదింటికి ఇల్లు చేరితే పిల్లల బడి, అత్తగారి టిఫిను, నీళ్ళ మోటారు ఎదురుచూస్తుంటాయి. పన్నెండింటికి నడుం వాల్చబోతే చుట్టాలు. "పగలు పడుకునే కోడలు" అన్న మాట కూడా పడాలి. రాత్రి పగలు తారుమారయ్యే ఉద్యోగం శరీరానికి ఎంత బరువో చాలామందికి తెలియదు. క్యాన్సర్ మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ 2007లోను, మళ్ళీ 2019లోను రాత్రి పనిని క్యాన్సరుకు బహుశా కారణం కాగలవాటి జాబితాలో చేర్చింది. బెదిరిపోవలసిన పని లేదు గాని, నిద్రను తేలిగ్గా తీసుకోరాదు.

కొన్ని జాగ్రత్తలు పనికివస్తాయి. డ్యూటీలు ఉదయం, సాయంత్రం, రాత్రి అనే వరసలో ముందుకు జరిగితే శరీరం తట్టుకుంటుంది. వెనక్కు జరిగితే కష్టం. వరసగా వేసే రాత్రులు ఎంత తక్కువైతే అంత మంచిది. రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు సాయంత్రం ఒక గంట కునుకు తీయండి. టీ, కాఫీలు అర్ధరాత్రి లోపే ముగించండి. ఇంటికి రాగానే కిటికీలకు దుప్పటి కట్టి, ఫోను ఆపి, కనీసం ఐదారు గంటలు పడుకోండి. ఆ సమయంలో తలుపు కొట్టవద్దని ఇంట్లో వారికి చెప్పవలసింది భర్త. రోగిని ఒక్కరే ఎత్తవద్దు, ఆయానో, వార్డు బాయ్‌నో పిలిచి ఇద్దరూ కలిసి దుప్పటితో జరపండి. సూది వాడాక రెండు చేతులతో మూత పెట్టవద్దు. గుచ్చుకుంటే నొక్కకండి, స్పిరిట్ పోయకండి. ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో కడిగి వెంటనే పైవారికి చెప్పండి. హెచ్.ఐ.వి. అనుమానం వుంటే మందు మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టటం ఉత్తమం, 72 గంటలు దాటితే ప్రయోజనం వుండదు. దాన్ని 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ ఉద్యోగంలో చేరేటప్పుడే పూర్తిచేసుకోవాలి. టీకా ఖర్చు యాజమాన్యానిది కావటం న్యాయం.

బట్టలు మార్చుకునే గది

భద్రత మాట ఎత్తితే అరుణా శాన్‌బాగ్ పేరు రాక తప్పదు. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు ఆమె. 1973 నవంబరు 27న డ్యూటీ ముగించుకుని ఆసుపత్రి నేలమాళిగలో బట్టలు మార్చుకుంటుండగా అక్కడే పనిచేసే ఒక ఉద్యోగి ఆమె మీద అత్యాచారం చేశాడు. మెదడుకు రక్తం అందక స్పృహ పోయింది. 2015 మే 18న కన్నుమూసే దాకా, దాదాపు 42 ఏళ్ళు, ఆ ఆసుపత్రి నర్సులే ఆమెను చూసుకున్నారు. ముందు తరం రిటైరైతే తరువాతి తరం అందుకుంది. ఏళ్ళ తరబడి కదలలేక పడుకున్న మనిషి ఒంటిమీద పుండు పడనివ్వలేదని వైద్యులు చెప్పారు. 2011 తీర్పులో సుప్రీం కోర్టు ఆ నర్సులను ప్రత్యేకంగా ప్రశంసించింది. నర్సింగ్ అంటే ఏమిటో ఇంతకు మించిన నిదర్శనం నాకు తెలియదు. కాని తాళం పడే ఒక గది, వెలుతురున్న ఒక వరండా వుంటే ఆ నిదర్శనం అవసరమే వుండేది కాదు. ఇప్పటికీ ఎన్నో ఆసుపత్రుల్లో నర్సుల గది మందుల అట్టపెట్టెల మధ్య ఒక మూల, గడియ పట్టని తలుపు.

రోగి బంధువుల చేతిలో దెబ్బలు తినటం మరొకటి. కోపం డాక్టరు మీద, అందుబాటులో వున్నది సిస్టరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే చట్టం చేశారు. అందులో నర్సులు కూడా వున్నారు. దాడి చేసినవారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

మీ చేతిలో వున్నది

మంచి ఆసుపత్రి కోసం వెతికేటప్పుడు డాక్టరు డిగ్రీలు అడుగుతాం, ఏ.సి. గది అద్దె అడుగుతాం, స్కానింగు మిషను వుందా అంటాం. "ఈ వార్డులో రాత్రిపూట ఎంతమంది సిస్టర్లుంటారు? ఒకరికి ఎంతమంది రోగులు?" అని అడిగినవారు చాలా అరుదు. అడగండి. పదిమంది అడిగితే యాజమాన్యం కూడా ఆ లెక్క వేసుకుంటుంది.

"ఏయ్ నర్సూ" అని కేకేయకండి. పేరు అడిగి తెలుసుకోండి, "సిస్టర్ గారూ" అన్నా చాలు. తినిపించటం, పక్క మార్చటం వంటివి ఎలా చేయాలో ఆమెనడిగి మీరు కూడా నేర్చుకోండి. కాని సెలైను చుక్కల వేగం మాత్రం మీరు ముట్టుకోకండి. ఫిర్యాదు చేయవలసి వస్తే సూపరింటెండెంటుకు రాసివ్వండి. బాగా చూసుకున్న సిస్టరు గురించి కూడా అలాగే, పేరుతో సహా, నాలుగు వాక్యాలు రాసివ్వండి. అటువంటి కాగితాన్ని బీరువాలో పదిలంగా దాచుకున్న నర్సులు వున్నారు.

మరొక్క సంగతి. ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది – చాలా ఆసుపత్రుల్లో డ్యూటీ మారే వేళలివి. దిగిపోయే సిస్టరు వచ్చే సిస్టరుకు ఒక్కొక్క మంచం సంగతి అప్పగిస్తుంటుంది. ఆ పావుగంట, ప్రాణం మీదికి వస్తే తప్ప, వారిని పిలవకండి. వారు మాట్లాడుకుంటున్నది మీ వాళ్ళ గురించే.